చిన్న దేశం వాటా, చిన్న దేశం మాట

అంతర్జాతీయ సంక్షోభం వచ్చినప్పుడు చిన్న దేశం ఎంత సాయం చేయాలన్నది పైకి లెక్కల ప్రశ్నలా కనిపిస్తుంది. జనాభా ఎంత, ఆదాయం ఎంత, దాన్నిబట్టి వాటా ఎంత అని తేల్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. 2010, 2011 సంవత్సరాల్లో స్లొవాకియాలో జరిగినది చూస్తే ఆ నమ్మకం నిలవదు. 54 లక్షల జనాభా ఉన్న ఆ దేశం గ్రీసుకు ఇవ్వాల్సిన 81.6 కోట్ల యూరోల అప్పును మొదట కాదంది. మరుసటి ఏడాది యూరో దేశాల ఉమ్మడి నిధికి హామీ పెంచే విషయంలో సొంత ప్రభుత్వాన్నే కూల్చుకుంది. రెండు రోజులు తిరిగేసరికి అదే హామీకి ఒప్పుకుంది. ఆ నిర్ణయాల్లో ఏది తప్పు, ఏది ఒప్పు అన్న వాదన ఇప్పటికీ ఆగలేదు. పైగా నైతికత, న్యాయశాస్త్రం, బ్యాంకింగ్, స్థానిక రాజకీయాలు అందులో కలిసిపోయి, ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియనంత చిక్కుపడింది.

ఆ చిక్కు విప్పి వాదనలను విడివిడిగా పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. అలా చూస్తే గొడవంతా మొత్తం గురించే అని అందరూ అనుకున్నా, అసలు తగువు మరో రెండు చోట్ల ఉందని తెలుస్తుంది. నష్టం ముందుగా ఎవరి మీద పడాలి? ఇచ్చేవారికి కాదనే హక్కు ఉందా?

రెండు ఓటింగుల కథ

స్లొవాకియా 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2009 జనవరి 1న యూరోను తన కరెన్సీ చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరులోనే ఏథెన్స్‌లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం దేశ బడ్జెట్ లోటు అంతవరకు చెప్పినదానికంటే చాలా ఎక్కువని బయటపెట్టింది. గ్రీసు బాండ్ల మీద వడ్డీ పెరుగుతూ పోయి, 2010 మే నాటికి ఆ దేశానికి మార్కెట్లో అప్పు పుట్టడం కష్టమైంది. యూరో దేశాలు, ఐఎంఎఫ్ కలిసి 11,000 కోట్ల యూరోలు అప్పుగా ఇవ్వడానికి ముందుకొచ్చాయి. అందులో యూరో దేశాల భాగం 8,000 కోట్లు. యూరోపియన్ కేంద్ర బ్యాంకు మూలధనంలో ఎవరి భాగం ఎంతో దాన్నిబట్టి వాటాలు వేశారు. ఆ భాగాన్ని సగం జనాభాను, సగం జీడీపీని చూసి నిర్ణయిస్తారు. స్లొవాకియా వాటా ఒక్క శాతానికి కాస్త అటూఇటూగా వచ్చింది. తలకు లెక్కేస్తే 150 యూరోలు.

అప్పటి ప్రధాని రాబర్ట్ ఫిట్సో ప్రభుత్వం సూత్రప్రాయంగా సరేనంది. కానీ ఎన్నికలు దగ్గరపడటంతో అప్పు విషయం పార్లమెంటులో తేలలేదు. జూన్ ఎన్నికలతో ఆయన అధికారం కోల్పోయారు. ఇవెటా రాడిచొవా ఆ దేశపు తొలి మహిళా ప్రధానిగా నాలుగు పార్టీల సంకీర్ణాన్ని నడపడానికి వచ్చారు. ఆగస్టు 11న పార్లమెంటు గ్రీసు అప్పును తిరస్కరించింది. ఓటింగ్‌లో పాల్గొన్న 84 మందిలో 69 మంది వద్దన్నారు, ఇద్దరే కావాలన్నారు. యూరోపియన్ కమిషన్ ఆర్థిక వ్యవహారాల కమిషనర్ ఓలి రెన్ దీన్ని యూరో దేశాల సంఘీభావానికి భంగంగా వర్ణించారు. ఇక్కడ తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ రోజుల్లోనే అదే పార్లమెంటు ఈఎఫ్‌ఎస్‌ఎఫ్ అనే తాత్కాలిక ఉమ్మడి నిధిలో చేరడానికి ఒప్పుకుని, 437 కోట్ల యూరోలకు హామీ ఇచ్చింది. గ్రీసుకిచ్చే అప్పుకు అయిదు రెట్లు పైబడిన బాధ్యత అది.

2011లో సంక్షోభం ఐర్లండ్, పోర్చుగల్‌లను దాటి ఇటలీ, స్పెయిన్ల దాకా వచ్చింది. అన్ని దేశాల హామీలనూ కలిపి 78,000 కోట్లకు పెంచాలని యూరో దేశాలు నిర్ణయించాయి. స్లొవాకియా హామీ 770 కోట్లకు చేరింది. అది ఆ దేశ జీడీపీలో పదో వంతు కంటే ఎక్కువ. పదహారు దేశాలు ఆమోదించాక స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా ఒక్కటే మిగిలింది. సంకీర్ణంలో భాగస్వామి అయిన ఎస్‌ఏఎస్ పార్టీ అధినేత, పార్లమెంటు స్పీకర్ రిచర్డ్ సులీక్ ఒప్పుకోనన్నారు. రాడిచొవా ఆ బిల్లుకు విశ్వాస తీర్మానాన్ని జోడించారు. అక్టోబరు 11న 150 మంది సభ్యుల సభలో 76 ఓట్లు కావాల్సి ఉండగా 55 మాత్రమే పడ్డాయి. ప్రభుత్వం పడిపోయింది. రెండు రోజుల తర్వాత అదే బిల్లు 114 ఓట్లతో నెగ్గింది. అందుకు బదులుగా ప్రతిపక్షానికి దక్కినది 2012 మార్చి 10న ముందస్తు ఎన్నికలు. వాటిలో ఫిట్సో పార్టీ స్మేర్ 83 స్థానాలు గెలుచుకుంది.

బయటి దేశాల పత్రికలు చాలా వరకు దీన్ని ఒక చిన్న దేశం యూరప్‌కు ఎదురుతిరిగిన కథగా రాశాయి. అంకెలు ఆ మాట చెప్పవు. అక్టోబరు 11న బిల్లు ఓడడానికి కారణమైన సభ్యుల్లో ఎక్కువమంది స్మేర్ వాళ్లే. వాళ్లకు నిధి మీద అభ్యంతరం లేదు, ప్రభుత్వం పడిపోవాలన్నదే వాళ్ల కోరిక. నిధిని సిద్ధాంతపరంగా కాదన్నవాళ్లు తక్కువ మంది. కాబట్టి 2010 నాటి తిరస్కారాన్నీ 2011 నాటి తిరస్కారాన్నీ ఒకే గాటన కట్టడం పొరపాటు. మొదటిది ఒక విధానం మీద తీర్పు, రెండోది అధికారం కోసం జరిగిన ఎత్తుగడ. ఈ తేడా పట్టించుకోని విశ్లేషణ ఏ పక్షానిదైనా నిలబడదు.

ఇవ్వాలన్నవారి వాదన

సాయం చేయాలన్నవారిలో ముఖ్యుడు ఆర్థిక మంత్రి ఇవాన్ మిక్లోష్. ఆయన మెతక మనిషి కాడు. 2004లో 19 శాతం ఏకరూప పన్ను తెచ్చి, దేశంలో కఠినమైన సంస్కరణలు నడిపినవాడు. 2010లో గ్రీసు అప్పును వ్యతిరేకించిన ప్రభుత్వంలో ఆయనా ఉన్నాడు. అయినా ఉమ్మడి నిధికి హామీ ఇవ్వాల్సిందేనన్నాడు. ఆయన పక్షం వాదనకు మూలం దయ కాదు, స్వప్రయోజనం. స్లొవాకియా బ్యాంకులు దాదాపు అన్నీ ఆస్ట్రియా, ఇటలీ తదితర దేశాల బ్యాంకుల చేతుల్లో ఉన్నాయి. దేశానికి ప్రాణాధారం కార్ల ఎగుమతి. ఫోక్స్‌వాగన్, కియా కర్మాగారాల్లో తయారైన కార్లు కొనేది ఎక్కువగా ఐరోపా వాళ్లే. యూరో చెదిరితే ముందు దెబ్బ తినేది ఇలాంటి చిన్న, బయటి గిరాకీ మీద బతికే ఆర్థిక వ్యవస్థలే. దానికితోడు 2007 నుంచి 2013 వరకు యూరోపియన్ యూనియన్ నిధుల నుంచి స్లొవాకియాకు 1,100 కోట్ల యూరోలకు పైగా కేటాయింపు ఉంది. తీసుకునేటప్పుడు ఉన్న బంధం ఇచ్చేటప్పుడు లేదనడం ఎలా కుదురుతుందని ఈ పక్షం అడిగింది.

ఈ వాదనలో బలం ఉంది. కానీ దాన్ని సంఘీభావం అని పిలవడంలోనే చిక్కు ఉంది. 2010లో గ్రీసుకు ఇచ్చిన అప్పు మీద మొదటి మూడేళ్లకు మార్కెట్ సూచిక రేటు పైన 3 శాతం, ఆ తర్వాత 4 శాతం వడ్డీ వేశారు. పైగా జీతాలు, పెన్షన్లు కోయాలన్న షరతులు పెట్టారు. సూచిక రేటు పైన వేసిన ఆ అదనపు వడ్డీని తర్వాత తగ్గించుకుంటూ వచ్చి, 2012 చివరికి అర శాతం చేశారు. వడ్డీ కోసం ఇచ్చిన అప్పును సాయం అనాలా అన్న ప్రశ్నకు ఈ పక్షం నుంచి సూటి జవాబు రాలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. స్లొవాకియా కాదన్నంత మాత్రాన గ్రీసుకు డబ్బు ఆగలేదు. మిగిలినవాళ్లు ఇచ్చారు. కాదన్న దేశం మిగిలినవాళ్లు తెచ్చిన స్థిరత్వాన్ని మాత్రం ఖర్చు లేకుండా అనుభవించింది. అందరూ అలాగే చేసి ఉంటే ఏమయ్యేదని ఆ ఓటు వేసినవాళ్లు తమను తాము ప్రశ్నించుకోవాల్సింది.

పేదవాడు ఎందుకు కట్టాలి?

జనం నోట ఎక్కువగా వినిపించిన వాదన ఇదే. 2010లో స్లొవాకియాలో కనీస వేతనం నెలకు 308 యూరోలు. గ్రీసులో ఏడాది మొత్తాన్ని పన్నెండు నెలలకు పంచితే 863 యూరోలు. తలసరి ఆదాయంలోనూ గ్రీసు ముందుంది. తొంభైల చివర స్లొవాకియా బ్యాంకులు దివాలా అంచుకు వెళ్లినప్పుడు ఆ దేశం జీడీపీలో పదో వంతుకు పైగా ఖర్చుపెట్టి తన బ్యాంకులను తానే చక్కదిద్దుకుంది. ఇన్నాళ్లూ కడుపు కట్టుకున్న మేము, మాకంటే బాగా బతికినవాళ్ల అప్పు ఎందుకు మొయ్యాలన్న మాటలో నొప్పి ఉంది, న్యాయమూ ఉంది. దాన్ని సంకుచితమని కొట్టిపారేసినవాళ్లు పెన్షన్ మీద బతికే స్లొవాక్ ముసలివాళ్ల ముఖం చూసి ఆ మాట అనగలిగేవాళ్లా?

అయితే ఈ వాదనను చివరిదాకా నడిపించి చూడాలి. గ్రీసు కంటే కూడా సంపన్న దేశమైన ఐర్లండ్‌కు 2010 చివర్లో సాయం అందినప్పుడు స్లొవాకియా ఆ నిధికి హామీదారుగా ఉంది. అప్పుడు ఇంత అలజడి లేదు. అంటే ఆదాయాల తేడా ఒక్కటే కారణం కాదు, గ్రీసు లెక్కలు దాచిందన్న కోపం కూడా అందులో కలిసి ఉంది. రెండోది, వాటాలు వేసిన పద్ధతి ఆదాయాన్ని పూర్తిగా విస్మరించలేదు. ఫిన్లండ్ జనాభా కూడా అప్పట్లో 54 లక్షలే. కానీ ఫిన్లండ్ సంపన్న దేశం కాబట్టి దాని వాటా స్లొవాకియా వాటాకు రెట్టింపు దాకా ఉంది. సగం బరువు జనాభాకు ఇవ్వడం వల్ల పేద దేశం మీద శక్తికి మించిన భారం పడుతుందన్న అభ్యంతరం మాత్రం సరైనదే.

ఆ అభ్యంతరానికి తర్వాత కొంత ఫలితం దక్కింది. 2012లో శాశ్వత నిధి ఈఎస్‌ఎం ఏర్పడినప్పుడు, తలసరి జీడీపీ యూరోపియన్ యూనియన్ సగటులో 75 శాతం కంటే తక్కువ ఉన్న దేశాలకు యూరోలో చేరిన నాటినుంచి పన్నెండేళ్ల పాటు వాటా తగ్గించారు. స్లొవాకియా వాటా 0.824 శాతంగా నిలిచింది. 70,000 కోట్ల మొత్తం మూలధనంలో దాని పూచీ 576.8 కోట్లు. అందులో రొక్కంగా కట్టాల్సింది 65.9 కోట్లు. ఆ మినహాయింపు గడువు 2021 మొదట్లో తీరిపోయింది.

ఆ తర్వాత లెక్కలే తారుమారయ్యాయి. సాయం వెంట వచ్చిన పొదుపు షరతుల కింద గ్రీసు ఆర్థిక వ్యవస్థ కుంగిపోయింది. ధరల తేడాలు సరిచేసి చూస్తే 2013 నాటికి స్లొవాక్ పౌరుడి తలసరి ఆదాయం గ్రీకు పౌరుడిదాన్ని దాటింది. పేదవాడు ధనవంతుడికి కడుతున్నాడన్న మాట మూడేళ్లు కూడా నిలవలేదు. వాటా నిర్ణయించిన రోజున ఎవరు పేదో చూసి ఇరవై, ముప్పై ఏళ్ల అప్పుకు న్యాయం తేల్చడం ఎంత కష్టమో ఇందులో కనిపిస్తుంది.

నష్టం ముందు ఎవరిది?

మూడో వాదనను సులీక్ పార్టీ ముందుకు తెచ్చింది. ఆర్థికశాస్త్రంలో ఇదే అన్నిటికంటే బరువైనది. యూరోపియన్ యూనియన్ ఒప్పందం 125వ అధికరణం ప్రకారం ఒక సభ్యదేశం అప్పులకు మరో దేశం బాధ్యత వహించదు. గ్రీసుకు తెలిసి తెలిసి అప్పిచ్చి, వడ్డీ తిన్న బ్యాంకులు ఉన్నాయి. అప్పు తీరనప్పుడు ముందుగా నష్టపోవాల్సింది వాళ్లు. ఆ తర్వాతే పన్నులు కట్టే జనం దగ్గరకు రావాలి. 2010 పథకం ఈ వరుసను తలకిందులు చేసింది. ప్రభుత్వాల డబ్బుతో పాత బాండ్ల బాకీ తీరింది, అప్పిచ్చిన బ్యాంకులు బయటపడ్డాయి. వాటిలో ఫ్రాన్సు, జర్మనీ బ్యాంకులది పెద్ద భాగం.

ఈ మాట అన్నది ఒక్క బ్రాటిస్లావా కాదు. 2010 మేలో గ్రీసు అప్పు ఐఎంఎఫ్ బోర్డు ముందుకు వచ్చినప్పుడు బ్రెజిల్ ప్రతినిధి పావులో నొగేరా బటిస్టా, ఇది గ్రీసును కాక గ్రీసుకు అప్పిచ్చిన ప్రైవేటు సంస్థలను కాపాడే పథకంలా ఉందన్న అర్థంలో మాట్లాడారు. భారత ప్రతినిధి అర్వింద్ వీర్మాణి, గ్రీసు మీద మోపుతున్న పొదుపు భారం ఆ ఆర్థిక వ్యవస్థ మోయలేనంతదని ఆందోళన చెప్పారు. ఆ బోర్డు పత్రాలు 2013లో పత్రికలకెక్కాయి. అదే ఏడాది జూన్‌లో ఐఎంఎఫ్ తన సొంత సమీక్షలో కొన్ని వైఫల్యాలను ఒప్పుకుంది. బాండ్ల కోత ఆలస్యం కావడం వల్ల ప్రైవేటు రుణదాతలకు బయటపడే అవకాశం దొరికిందని, భారం ప్రభుత్వాల మీదకు మారిందని అందులో ఉంది. 2012 మార్చిలో ఎట్టకేలకు బాండ్లున్నవాళ్ల అసలులో 53.5 శాతం కోత వేశారు. అంతకు పంతొమ్మిది నెలల ముందు స్లొవాక్ పార్లమెంటు చెప్పినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

2016లో బెర్లిన్‌లోని ఈఎస్‌ఎంటీ బిజినెస్ స్కూల్ పరిశోధకులు మొదటి రెండు పథకాల డబ్బు దారిని లెక్కగట్టారు. సుమారు 21,600 కోట్ల యూరోల్లో 5 శాతం కంటే తక్కువే గ్రీసు బడ్జెట్ ఖర్చులకు చేరిందని, మిగిలినదంతా పాత అప్పులకు, వడ్డీలకు, బ్యాంకుల మూలధనానికి పోయిందని తేల్చారు. దీనికి ఎదురువాదం కూడా ఉంది. ఎక్కువ వడ్డీ ఉన్న పాత అప్పు తీర్చి, తక్కువ వడ్డీకి ముప్పై ఏళ్ల గడువుతో కొత్త అప్పు ఇవ్వడం కూడా సాయమేనని ఆ పక్షం అంటుంది. ఆ మాట గణితపరంగా నిజమే. అయితే ఏథెన్స్ ఆసుపత్రుల్లో మందులు దొరకని రోజుల్లో ఆ ఊరట ఎవరికి అందిందన్న ప్రశ్నకు గణితంలో జవాబు లేదు.

రుణదాతలే ముందు నష్టపోవాలన్న సూత్రం కూడా ఖర్చు లేనిదేమీ కాదు. ఆ ఖర్చు సైప్రస్ కట్టింది. గ్రీసు బాండ్లను ఎక్కువగా కొన్న సైప్రస్ బ్యాంకులు 2012 కోతలో సుమారు 450 కోట్ల యూరోలు పోగొట్టుకున్నాయి. అది ఆ చిన్న దేశపు జీడీపీలో నాలుగో వంతుకు దగ్గర. గ్రీసుకు అప్పిచ్చిన దేశాల జాబితాలో ఒకప్పుడు సైప్రస్ కూడా ఉంది. ఏడాది తిరిగేసరికి, 2013 మార్చిలో, ఆ దేశమే 1,000 కోట్ల యూరోల సాయం కోసం చేయి చాచింది. అక్కడి రెండు పెద్ద బ్యాంకుల్లో లక్ష యూరోలు దాటిన డిపాజిట్లు కోతకు గురయ్యాయి. ఆ డబ్బంతా బడా మదుపరులది కాదు, ఇల్లు అమ్ముకున్న సొమ్ము దాచుకున్నవాళ్లూ, చిన్న వ్యాపారులూ కూడా పోగొట్టుకున్నారు. నియమం పేరుతో మాట్లాడేవాళ్లు నికోసియాను చూసి మాట్లాడాలి.

మిగతా చిన్న దేశాలు నడిచిన దారులు

స్లొవాకియా కాదంది, ఫిన్లండ్ తాకట్టు అడిగింది. 2011 ఏప్రిల్ ఎన్నికల్లో సాయాన్ని వ్యతిరేకించిన ట్రూ ఫిన్స్ పార్టీ 39 స్థానాలు గెలవడంతో హెల్సింకీ ప్రభుత్వం మీద ఒత్తిడి పెరిగింది. అక్టోబరులో గ్రీసు నుంచి తాకట్టు పొందే ఏర్పాటు కుదిరింది. అది ఉచితంగా రాలేదు. శాశ్వత నిధికి తన మూలధనం ఒకే విడతలో కట్టడానికి ఫిన్లండ్ ఒప్పుకోవాల్సి వచ్చింది. అదే షరతు మీద ఇతరులకూ ఆ వీలుండగా ఎవరూ ముందుకు రాలేదు. తాకట్టు వల్ల దేశానికి ఒరిగినది కొంచెమే, ప్రభుత్వం తన ఓటర్లకు చెప్పుకోవడానికి మాత్రం అక్కరకొచ్చింది.

ఎస్తోనియా పేచీ పెట్టకుండా ఇచ్చింది. 13 లక్షల జనాభా, ఐరోపాలోనే అతి తక్కువ ప్రభుత్వ రుణం ఉన్న ఆ దేశం 2011లో యూరోలో చేరింది. 2008 చివర్లో పొరుగున ఉన్న లాత్వియా కూలిపోబోయినప్పుడు నార్డిక్ దేశాలతో పాటు తానూ అప్పివ్వడానికి ముందుకొచ్చిన చరిత్ర దానికి ఉంది. అలాంటి చోట కూడా శాశ్వత నిధి విషయం సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఆ సంగతి కింద వస్తుంది.

వీటన్నిటికంటే ఆలోచింపజేసే ఉదాహరణ ఫారో దీవులది. డెన్మార్క్ రాజ్యంలో స్వయంపాలన ఉన్న ఆ దీవుల జనాభా 2008లో 50,000 లోపే. ఆ అక్టోబరులో ఐస్‌లండ్ బ్యాంకులు కుప్పకూలినప్పుడు ఫారో దీవులు 30 కోట్ల డానిష్ క్రోన్లు అప్పుగా ఇచ్చాయి. తలకు లెక్కేస్తే 800 యూరోల పైమాటే. స్లొవాక్ పౌరుడి మీద పడబోయినదానికి అయిదు రెట్లు ఎక్కువ. అయినా అక్కడ ప్రభుత్వం పడిపోలేదు, పార్టీలు చీలిపోలేదు. ఐస్‌లండ్‌తో వాళ్లది సముద్రం పంచుకున్న బంధుత్వం. తొంభైల మొదట్లో తమ బ్యాంకులూ కూలిన అనుభవం ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఎంత ఇవ్వాలో, ఇవ్వాలో వద్దో వాళ్లే నిర్ణయించుకున్నారు. బయటినుంచి వాటా పట్టిక పంపినవాళ్లు లేరు, ఫలానా తేదీలోగా ఓటు వేయమన్నవాళ్లు లేరు. రెండింటి పరిస్థితులూ ఒకటి కావు, నిజమే. ఫారో అప్పు ఒకసారికి సంబంధించినది, స్లొవాకియా ఎదుట ఉన్నది ఎంతకాలం సాగుతుందో తెలియని పూచీ. ఆ తేడా లెక్కలోకి తీసుకున్నా, జనం ఎంత మోయగలరన్నది అంకె ఒక్కటే నిర్ణయించదని ఈ పోలిక చెబుతోంది.

ఓటు ఎవరి చేతిలో?

2011 అక్టోబరు నాటి రెండు రోజులు పెద్ద దేశాలకు ఒక పాఠం నేర్పాయి. తాత్కాలిక నిధిని మార్చాలంటే పదిహేడు దేశాలూ ఒప్పుకోవాలి. ఒక్క శాతం వాటా ఉన్న దేశం మొత్తం యంత్రాన్ని ఆపగలిగింది. శాశ్వత నిధి ఒప్పందం రాసేటప్పుడు అందులో ఒక అత్యవసర నిబంధన చేర్చారు. యూరో మనుగడకే ముప్పు ఉందని యూరోపియన్ కమిషన్, కేంద్ర బ్యాంకు భావిస్తే 85 శాతం ఓట్లతో సాయం ఆమోదించవచ్చు. ఓట్ల బరువు మూలధన వాటాను బట్టి ఉంటుంది. అప్పట్లో జర్మనీకి 27 శాతం, ఫ్రాన్సుకు 20, ఇటలీకి 18 శాతం వాటా ఉంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కాదన్నా పని ఆగుతుంది. స్లొవాకియా, ఎస్తోనియా, మాల్టా, సైప్రస్, లక్సెంబర్గ్, స్లొవేనియా, ఫిన్లండ్ ఏడూ కలిసి కాదన్నా ఆగదు. ఆ ఏడింటి వాటా కలిపితే 4 శాతం కూడా లేదు.

ఎస్తోనియా న్యాయ చాన్సలర్ ఇంద్రెక్ తేదెర్ ఈ నిబంధన మీదే కోర్టుకెళ్లారు. దేశ ప్రతినిధి వద్దన్నా దేశ ఖజానా కట్టాల్సి వస్తే పార్లమెంటుకు బడ్జెట్ మీద ఉన్న హక్కు ఏమైనట్టని ఆయన ప్రశ్న. 2012 జూలై 12న సుప్రీంకోర్టు ఒప్పందం రాజ్యాంగబద్ధమేనని తీర్పిచ్చింది. పంతొమ్మిది మంది న్యాయమూర్తుల్లో పదిమంది ఒకవైపు, తొమ్మిదిమంది మరోవైపు. అదే ఏడాది నవంబరు 27న, ఐర్లండ్ పార్లమెంటు సభ్యుడు థామస్ ప్రింగిల్ వేసిన కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఈ నిధి 125వ అధికరణానికి విరుద్ధం కాదంది. సాయం పొందిన దేశం తన రుణదాతలకు తానే బాధ్యత వహిస్తూ, షరతులకు కట్టుబడి ఉన్నంతవరకు అప్పివ్వడం తప్పు కాదన్నది ఆ తీర్పు సారం. దానితో చట్టం వైపు తగువు చాలా వరకు ముగిసింది. ఎస్తోనియాలో ఒక్క ఓటు తేడాతో తేలిన ప్రశ్న మాత్రం ముగియలేదు. న్యాయస్థానం అనుమతించినదల్లా ప్రజాస్వామ్యానికి మంచిది కానక్కర్లేదు. ఇవ్వడం తప్పనిసరి చేసి, వద్దనే వీలు తీసేసి, దానికి సంఘీభావమని పేరు పెట్టడం సరికాదు.

ఇక్కడ పెద్ద, చిన్న తేడా ఎంత పచ్చిగా ఉంటుందో చూపే ఉదాహరణ ఒకటుంది. శాశ్వత నిధి సంస్కరణ ఒప్పందాన్ని మిగిలిన సభ్యదేశాలన్నీ ఆమోదించాక, 2023 డిసెంబరులో ఇటలీ పార్లమెంటు తిరస్కరించింది. అది అమల్లోకి రాకుండా ఆగిపోయింది. బ్రాటిస్లావా కాదన్నప్పుడు నలభై ఎనిమిది గంటల్లో తేల్చమన్న ఒత్తిడి రోమ్ విషయంలో కనిపించలేదు.

మన వైపు నుంచి

యూరో సంక్షోభంలో సాయం ఇచ్చినవాళ్లు ఐరోపావాళ్లు మాత్రమే కారు. 2012 జూన్‌లో మెక్సికోలోని లోస్ కాబోస్‌లో జీ-20 సమావేశం జరిగినప్పుడు ఐఎంఎఫ్ నిధిని పెంచడానికి భారత్ 1,000 కోట్ల డాలర్లు అప్పుగా ఇస్తామని ప్రకటించింది. మన తలసరి ఆదాయం స్లొవాకియాతో కూడా పోల్చదగినది కాదు. ఈ నిర్ణయం మీద మన దగ్గర చర్చ అంతంతమాత్రంగానే సాగింది. విదేశీ మారక నిల్వల నుంచి ఇచ్చే ఈ డబ్బు ఐఎంఎఫ్ మీద మనకున్న క్లెయిముగా నిల్వల్లోనే ఉంటుందని, అందువల్ల బడ్జెట్ మీద భారం లేదని చెప్పే సమాధానం సాంకేతికంగా సరైనదే. కానీ ఐఎంఎఫ్‌లో ఓటింగు వాటాల సంస్కరణ నత్తనడక నడుస్తున్న కాలమది. ఇచ్చే చేయికి మాట ఎంత అన్న ప్రశ్న బ్రాటిస్లావాకు ఎంత వర్తిస్తుందో ఢిల్లీకీ అంతే వర్తిస్తుంది.

ఇంకా తేలనివి

మొదటిది, నష్టం లెక్క. గ్రీసుకు ఇచ్చిన ప్రభుత్వ అప్పుల్లో అసలు మీద కోత పడలేదు. 2018 ఆగస్టులో ఆ దేశం పథకం నుంచి బయటపడింది. 2022 నుంచి మొదటి విడత అప్పులను గడువుకు ముందే తీర్చడం కూడా మొదలుపెట్టింది. అసలు చేతికొస్తే నష్టం లేనట్టేనని ఒక పక్షం అంటుంది. గడువులు దశాబ్దాలు పెంచి, వడ్డీ దాదాపు తీసేశాక కాలం విలువ పోయినట్టేనని మరో పక్షం అంటుంది. హామీల సంగతి ఇంకా చిక్కు. రొక్కం కదలకపోయినా, 2011 జనవరి నాటి యూరోస్టాట్ నిర్ణయం ప్రకారం ఈఎఫ్‌ఎస్‌ఎఫ్ చేసిన అప్పు హామీదారు దేశాల ప్రభుత్వ రుణంలో కలుస్తుంది. కాగితం మీద ఒక లెక్క, ఖజానాలో మరో లెక్క, ఓటరు మనసులో ఇంకో లెక్క.

రెండోది, కాదన్నందుకు రాజకీయంగా పడే మూల్యం. రాడిచొవా పార్టీ 2012 ఎన్నికల్లో దెబ్బతిన్నది ఈ ఓటు వల్లనా, అప్పుడే బయటపడిన గొరిల్లా అవినీతి పత్రాల వల్లనా అన్నది విడదీసి చెప్పడం కష్టం. నిధిని ఎదిరించిన సులీక్ పార్టీకి కూడా ఆ ఎన్నికల్లో సీట్లు తగ్గాయి. సాయానికి అడ్డుపడితే ఓట్లు రాలతాయన్న సిద్ధాంతాన్ని స్లొవాకియా బలపరచదు.

మూడోది, రూపం. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య అప్పుల పద్ధతి వదిలి, ఉమ్మడిగా 75,000 కోట్ల యూరోలు సమీకరించేందుకు పూనుకుని, అందులో సగానికి పైగా తిరిగి ఇవ్వనక్కర్లేని గ్రాంట్లకు కేటాయించింది. అందులో గ్రీసుకూ వచ్చింది, స్లొవాకియాకూ వచ్చింది. దాతలెవరో, గ్రహీతలెవరో ముందే గీత గీసి పెట్టని ఏర్పాటులో స్లొవాకియా లాంటి చిన్న దేశాల నుంచి ఆ పాత ప్రతిఘటన రాలేదు. అప్పుడు అడ్డం తిరిగినవి నెదర్లాండ్స్, ఆస్ట్రియా, స్వీడన్, డెన్మార్క్ లాంటి సంపన్న దేశాలు. 2010లోనే ఈ దారి తొక్కి ఉంటే గ్రీసు అంతగా నలిగేది కాదనిపిస్తుంది. కానీ లెక్కలు దాచిన దేశానికీ, మహమ్మారి బారిన పడిన దేశానికీ ఒకే కొలత వాడాలా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు.

నాలుగోది, మినహాయింపు ముగిశాక ఏమిటన్నది. పన్నెండేళ్ల తర్వాత ఏ దేశమైనా పూర్తి వాటా మోయగలదని ఒప్పందం ఊహించుకుంది. 2026 జనవరి 1న యూరోలోకి అడుగుపెట్టిన బల్గేరియా ఆదాయంలో ఆ కూటమిలోకెల్లా వెనుకబడినది. శాశ్వత నిధిలో తగ్గించిన వాటా దానికీ వర్తిస్తుంది, 85 శాతం అత్యవసర నిబంధనా వర్తిస్తుంది. తర్వాతి సంక్షోభం ఏ దేశంలో పుట్టినా, అందులో తమ పూచీ ఎంతో సోఫియా పార్లమెంటు సభ్యులు ముందే లెక్కగట్టుకోగలరు. దాని మీద తమ ఓటుకు ఎంత విలువ ఉంటుందో చెప్పే హామీ మాత్రం ఆ ఒప్పందంలో లేదు.